బాగుందండీ అన్నాం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మొదట్లో ఉత్త తిండి గోలలాగే ఉంటుంది. కానీ మన హాస్టళ్ళ సంగతి కూడా ఇందులో ఉంది.

మేం నలుగురం. విశాఖపట్నంలో ఒకే హాస్టల్, ఒకే గది. పేర్లు రాయడం లేదు. అయినా హాస్టల్లో మమ్మల్ని పేర్లతో పిలిచేదెవరు? మండలం పేరే మా పేరు. "పెదబయలూ, నీకు ఫోను", "చింతపల్లీ, నీ బకెట్ తీసుకో" అంటారు. పెదబయలు, చింతపల్లి, డుంబ్రిగూడ ముగ్గురూ ఫైనలియర్. ముంచంగిపుట్టు ఈ ఏడే చేరింది. గదిలో అందరికంటే చిన్నది, కాబట్టి మాకు చెల్లి. నలుగురివీ నాలుగు తెగలు. ఇళ్ళల్లో మాట్లాడేది కూడా ఒకే భాష కాదు. చెల్లి వాళ్ళింట్లో ఆదివాసీ ఒడియా. బడికి వచ్చాక తెలుగు నేర్చుకుంది. ఇప్పుడు కాలేజీలో అంతా ఇంగ్లీషు. క్లాసులో లెక్చరర్ ఏదో అడిగితే, ఆ ప్రశ్నని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఒడియాలోకి తెచ్చుకునేసరికి పక్కమ్మాయి జవాబు చెప్పేసి కూర్చుంటుంది.

ఆగస్టు నుంచీ చెల్లి సరిగ్గా తినడం లేదు. మెస్‌లో కంచం పట్టుకుని కూర్చుంటుంది, నాలుగు ముద్దలు తిని లేస్తుంది. ప్రతి శనివారం బ్యాగు సర్దుతుంది, ఆదివారం మళ్ళీ తీసేస్తుంది. "ఎల్లిపోతానప్పా, నా వల్ల కాదు" అంటుంది. ఫోన్లో వాళ్ళమ్మ కూడా వచ్చేయమనే అంటోంది. ఇది ఎక్కడికి పోతుందో మాకు తెలుసు. పోయినేడు మా గదిలోనే ఒక మంచం అలా ఖాళీ అయింది. కాఫీ పళ్ళు ఏరడానికని ఇంటికి వెళ్ళిన అమ్మాయి మళ్ళీ రాలేదు. ఆమె దుప్పటి నెల రోజులు ఆ మంచం మీదే ఉంది. వార్డెన్ మేడం తీసేయమంటే మడతపెట్టి ఇచ్చేశాం.

మేమేం కౌన్సిలింగ్ చేసేవాళ్ళం కాదు. చెల్లికి ఏం కావాలో కనుక్కుందామనుకున్నాం. ఎంత అడిగినా ఒక్కటే చెప్పింది. రాత్రిళ్ళు ఫోన్లో వీడియోలు చూస్తుంది, పెద్ద గిన్నెలో నూడుల్స్ పుల్లలతో ఎత్తుకుని తింటుంటారే, అవి. "ఒక్కసారి చైనా హోటల్లో కూర్చుని తినాలప్పా, ఎల్లిపోయేలోపు" అంది. ఎల్లిపోయేలోపు అన్న మాట మాకు గుచ్చుకుంది గానీ, సరే అన్నాం.

డబ్బులు ఎలాగంటే, శ్రావణంలో పెళ్ళిళ్ళకి మేం ముగ్గురం కేటరింగ్‌కి వెళ్ళాం. ఫంక్షన్ హాల్లో నిలబడి వడ్డించడం. ఆ డబ్బుల్లోంచి తలా 400 తీశాం. చెల్లి వాటా కూడా మేమే వేస్తామంటే ఒప్పుకోలేదు. వాళ్ళమ్మ సంతలో కోడిని అమ్మి పంపిన డబ్బుల్లోంచి 400 తీసి మా చేతిలో పెట్టింది. మొత్తం 1,600.

సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది ఆ హోటలు. పేరు చెప్పం. మెట్లెక్కి పైకి వెళ్ళాలి. లోపల ఏసీ, ఎర్ర కాగితం బుడ్డీలు వేలాడుతున్నాయి, గోడ మీద బంగారు రంగు పాము లాంటిది. డ్రాగనట. కౌంటరు మీద ఒక పిల్లి బొమ్మ ఆగకుండా చెయ్యి ఊపుతూ ఉంటుంది. చెల్లి దానికి తిరిగి చెయ్యి ఊపింది. కిటికీ పక్క బల్లలు ఖాళీగా ఉన్నాయి, అటు వెళ్ళబోతే కోటు వేసుకున్న సూపర్‌వైజర్ "అవి రిజర్వ్‌డమ్మా" అని బాత్రూము పక్క బల్ల చూపించాడు. మేం లేచి వచ్చేవరకూ ఆ కిటికీ దగ్గర ఎవరూ కూర్చోలేదు. దాని గురించి ఇంకేం రాయం, ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆ బల్ల తెలుసు.

మెనూ కార్డు మొత్తం ఇంగ్లీషు. పెదబయలు ముందు ధరల వైపు నుంచి చదవడం మొదలుపెట్టింది, అది దాని పద్ధతి. చెల్లి మాత్రం ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది. ఒక చోట వేలు ఆగిపోయింది. "బేంబూ షూట్స్ విత్ మష్రూమ్." 310 రూపాయలు.

"బేంబూ అంటే వెదురే కదప్పా?"

"అవునే."

"అంటే కరడి! కరడి అప్పా!"

గట్టిగానే అరిచింది. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. చెల్లి పట్టించుకోలేదు. నెల రోజుల్లో దాని పళ్ళు కనపడేలా నవ్వడం మేం అదే చూడ్డం. ఇంకేం ఆలోచిస్తాం, ముందు అదే చెప్పాం. తర్వాత రెండు సూపులు వన్ బై టూ, చికెన్ మంచూరియా, హక్కా నూడుల్స్, ఎగ్ ఫ్రైడ్ రైస్.

మైదానం నుంచి వచ్చి ఈ గ్రూపులో చేరిన స్నేహితులు కొందరున్నారు, వాళ్ళ కోసం రెండు ముక్కలు. వానలు పడ్డాక వెదురు పొదల్లో కొత్త కొమ్ములు నేలలోంచి పొడుచుకొస్తాయి. పొట్టిగా, కొసదేలి, బిగుతైన పొరలు కప్పుకుని. ఆకు వేసి ముదరకముందే తవ్వుకోవాలి. మాలో కొందరం వెదురు కంజి అంటాం, చెల్లి వాళ్ళు కరడి అంటారు. పొరలన్నీ ఒలిచేస్తే చంటిపిల్ల ముంజేయంత లేత తెల్లటి ముక్క మిగులుతుంది. దాన్ని సన్నగా తరిగి, నీళ్ళల్లో నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోయాలి. మళ్ళీ పోసి, మళ్ళీ పారబోయాలి. పచ్చివి తింటే చేదే కాదు, ప్రమాదం కూడా. సయనైడ్‌ని పుట్టించే పదార్థం వాటిలో ఉంటుందని డుంబ్రిగూడ తన కెమిస్ట్రీ పుస్తకంలో చదివి చెప్పేవరకూ మాకు ఆ పేరు తెలియదు. మన అమ్మలకి పేరు తెలియకపోయినా ఎన్ని నీళ్ళు మార్చాలో తెలుసు. తర్వాత ఎండు చేపలు వేసో, ఉత్త పచ్చిమిరపకాయలతోనో, కాస్త బియ్యప్పిండి కలిపి దగ్గరగా వండితే ఆ వాసన వీధి చివరి దాకా వెళ్తుంది. అరకు రోడ్డు మీద టూరిస్టులు బొంగులో చికెన్ తిని వీడియోలు తీసుకుంటారు గానీ, ఈ కూర అడిగిన టూరిస్టుని మేం చూళ్ళేదు.

పెదబయలు వాళ్ళ నానమ్మ ఈ కొమ్ముల్ని తట్ట అడుగున పెట్టి, పైన ఆకుకూర కప్పి తెచ్చేదట. గార్డు చూస్తే లాక్కునేవాడు. ఎందుకంటే 1927 అటవీ చట్టం వెదురుని చెట్టు కింద లెక్కగట్టింది. గడ్డి జాతి మొక్క అది, చట్టం దాన్ని చెట్టు చేసింది. 2006 అటవీ హక్కుల చట్టంలో కదా వెదురు చిన్న తరహా అటవీ ఉత్పత్తి, ఏరుకునే హక్కు మనది అని రాశారు. అడవి బయట పెంచుకున్న వెదురుని చెట్టు జాబితాలోంచి తీసేయడానికి 2017 దాకా ఆగాలి. నానమ్మకి ఈ సంవత్సరాలేవీ తెలియవు. ఆమె తట్ట మీద ఆకుకూర కప్పడం చివరి వరకూ మానలేదు. అలాంటి వస్తువు మెనూ కార్డులో 310 రూపాయలకి అచ్చయి ఉండటం చూస్తే, అబద్ధమెందుకు, మాకు గర్వంగానే అనిపించింది.

సూపు వచ్చేసరికే ఇరవై నిమిషాలు. వేడి గంజిలో మొక్కజొన్న గింజలు, అంతే. మిగతావి రావడానికి ఇంకో అరగంట. ఆ అరగంటా చింతపల్లి కబుర్లతో గడిచింది. అది గ్రూప్స్‌కి చదువుతోంది, ఏ మాట ఎత్తినా వెనక ఒక సంవత్సరం చెప్తుంది. మంచూరియా అనే ప్రాంతం చైనాలో ఉంది గానీ ఈ మంచూరియా కూర అక్కడిది కాదట. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే వంటాయన చేశాడట. ఆయన కలకత్తాలో పుట్టిన చైనీయుడు. మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలతో మొదలుపెట్టి, గరం మసాలా బదులు సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్ కలిపాడట. హక్కా అంటే కూడా ఏదో వంట పేరు కాదు, కలకత్తాలో స్థిరపడ్డ చైనీయుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష, వాళ్ళ జనం పేరు. "అంటే మనం వాల్మీకి నూడుల్స్, కోటియా నూడుల్స్ అన్నట్టు" అంది డుంబ్రిగూడ. చాలాసేపు నవ్వుకున్నాం. ఆ భోజనంలో బాగున్నది ఆ అరగంటే.

తర్వాత అన్నీ ఒకేసారి వచ్చాయి. నూడుల్స్ చల్లారిపోయి ముద్దలు కట్టాయి, ఫోర్కుతో ఎత్తితే మొత్తం గిన్నె ఆకారంలోనే పైకి లేచింది. చెల్లి పుల్లలు అడిగింది, వీడియోల్లోలాగ. "చాప్‌స్టిక్స్ లేవు, ఫోర్కుతో తినండమ్మా" అన్నాడు సూపర్‌వైజర్. మంచూరియాలో పిండి ఎంతో, చికెన్ అంత కాదు. కొరికి లోపల వెతుక్కోవాలి. ఫ్రైడ్ రైస్ ఒక్కటే కాస్త వేడిగా ఉంది.

చెల్లి వాటి వంక చూడనే లేదు. తిన్నగా బేంబూ షూట్స్ గిన్నె తన ముందుకు లాక్కుంది. నల్లటి చిక్కటి రసంలో పలచటి పసుప్పచ్చ బిళ్ళలు, అన్నీ ఒకే కొలత, మిషన్లో కోసినట్టు. నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది. మేం దాని మొహం వైపే చూస్తున్నాం. ఏమీ అనలేదు, గిన్నె మా వైపు జరిపింది. మేం తిన్నాం. పుల్లగా ఉంది, పులిసిన పులుపు కాదు, నిమ్మ ఉప్పు లాంటిది. ఆ వెనక రేకు వాసన. తుప్పు పట్టిన గ్లాసులో నీళ్ళు తాగినట్టు. వెదురు వాసన ఎక్కడా లేదు.

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజర్ వచ్చి నిలబడ్డాడు. "అంతా ఎలా ఉందమ్మా? ఓకేనా?"

"బాగుందండీ" అంది పెదబయలు.

"బాగుందండీ" అంది చింతపల్లి.

డుంబ్రిగూడ నోట్లో ముద్ద ఉంది, తల ఊపింది, మింగేసి అది కూడా "బాగుందండీ" అంది.

ఒకళ్ళనొకళ్ళం చూసుకోను కూడా లేదు. రైలు స్టేషన్లో అనౌన్స్‌మెంట్ లాగ దానంతటదే వచ్చేసింది. ఆయన వెళ్ళిపోబోతున్నాడు.

"బాలేదు సార్" అంది చెల్లి.

ఆయన వెనక్కి తిరిగాడు. చెల్లి గిన్నె చూపించింది. "ఇది బాలేదు."

ఆయనకి కోపం రాలేదు, అది రాసి తీరాలి. నవ్వాడు. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "ఫస్ట్ టైమ్ తింటున్నారు కదా తల్లీ. బేంబూ షూట్ టేస్ట్ అలాగే ఉంటుంది. అలవాటు లేనివాళ్ళకి నచ్చదు."

మాకు మొహాలు కాలిపోయాయి. చెల్లికి మాత్రం ఆ మాటలో అవమానం ఉందని కూడా తోచలేదనుకుంటాం. అది నిజంగానే సందేహం తీర్చుకోవడానికి అడిగినట్టు అడిగింది. "మేం పుట్టినకాడి నుంచీ తింటాం సార్. ఉడకబెట్టి నీళ్ళు ఎన్నిసార్లు పారబోశారు?"

ఆయన దగ్గర జవాబు లేదు. "షెఫ్‌ని అడుగుతాను" అని గిన్నె తీసుకెళ్ళాడు. పది నిమిషాలకి అదే గిన్నె, అవే బిళ్ళలు, మీద ఇంకో గరిటెడు చిల్లీ సాస్, వేడి చేసి తెచ్చి పెట్టారు. తెచ్చింది ఇంకో కుర్రాడు, వడ్డించే అబ్బాయి. మా ఈడువాడే. సూపర్‌వైజర్ కౌంటరు దగ్గరకి పోయాడో లేదో చూసుకుని, నీళ్ళు పోస్తున్నట్టు వంగి, మెల్లగా హిందీలో అన్నాడు, "డబ్బే కా హై దీదీ." డబ్బాలో వచ్చిందట. తనది డార్జిలింగ్ వైపు కొండలట. వాళ్ళింట్లో దీన్ని తామా అంటారట. "మా అమ్మ చేసేది ఇలా ఉండదు" అన్నాడు. చెల్లికి హిందీ అంత రాదు. కానీ తామా, మా అన్న రెండు మాటలూ పట్టుకుని, "కరడి" అని తన వంతు చెప్పింది. ఇద్దరూ తలలూపుకున్నారు. అతను వెళ్ళిపోయాడు.

చైనా వాళ్ళని ఇందులో అనడానికి ఏమీ లేదు. వాళ్ళు కూడా తాజా వెదురు కొమ్ముల్ని కాలం చూసుకుని తవ్వి ఇష్టంగా తినేవాళ్ళే. డబ్బా తెరిచి, నీళ్ళు కూడా సరిగ్గా వార్చకుండా సాస్‌లో పడేసింది ఈ వంటగది.

ఇక బిల్లు. సూపులు 260, మంచూరియా 290, నూడుల్స్ 240, వెదురు 310, రైస్ 230. అడక్కుండా పెట్టిన రెండు నీళ్ళ సీసాలు 80. మొత్తం 1,410. దాని కింద సర్వీస్ ఛార్జ్ 10 శాతం, 141. ఆ రెండూ కలిపిన దాని మీద జీఎస్టీ 5 శాతం. చివర్లో 1,629.

మా దగ్గర 1,600. అంటే 29 తక్కువ. వేరే పెట్టుకున్న చిల్లర ఉంది, అందులోంచి తీస్తే సరిపోతుంది. పెదబయలు ఆ చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టింది కూడా. చింతపల్లి దాని చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా వంద సంవత్సరాలు వల్లించిన పిల్లకి గొంతు వణుకుతోంది, మాకు తెలుస్తోంది. చెల్లి "బాలేదు" అని ఉండకపోతే అది కూడా నోరెత్తేది కాదని తర్వాత తనే చెప్పింది.

కౌంటరు దగ్గరకి నలుగురం వెళ్ళాం. "సర్వీస్ ఛార్జ్ తీసేయండి" అంది చింతపల్లి.

"అందరూ కడతారమ్మా, రూల్ అది" అన్నాడు మేనేజరు.

రూల్ అది కాదు. మీరు కూడా గుర్తు పెట్టుకోండి, ఎప్పుడో పనికొస్తుంది. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళు బిల్లులో సర్వీస్ ఛార్జ్ వాటంతట అవే కలపకూడదు. వేరే పేరుతో కూడా వసూలు చేయకూడదు. దాన్ని తిండి బిల్లులో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. ఇవ్వాలా వద్దా అనేది తిన్నవాళ్ళ ఇష్టం. హోటళ్ళ సంఘాలు కోర్టుకి వెళ్ళాయి, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవే అంది. ఫిర్యాదుకి 1915 నంబరు. చింతపల్లి ఇదంతా చెప్పలేదు, అంత గొంతు లేవలేదు. "2022 జులై... సీసీపీఏ... 1915కి ఫోన్ చేస్తాం" అని మూడు ముక్కలు అంది. 1915 అన్న మాటకి ఆయన పెన్ను ఆగింది. కొత్త బిల్లు కొట్టి ఇచ్చాడు. 1,480 రూపాయల 50 పైసలు. బిల్లు చేతికిస్తూ ఆయన మా వైపు కాకుండా పిల్లి బొమ్మ వైపు చూస్తూ, "ఇంత లెక్కలు చూసుకునేవాళ్ళు ఇలాంటి చోటికి రాకూడదు" అన్నాడు.

దానికి మేం ఏమీ అనలేదు. వెదురు గిన్నె 310 తీసేయమని కూడా అడగలేదు. సగానికి సగం అలాగే వదిలేసి వచ్చాం. రాస్తుంటే ఇప్పటికీ ఆ 310 మింగుడుపడటం లేదు. కోడి ఖరీదు 400, వెదురు బిళ్ళలు 310.

ఇంకొకటి కూడా ఉంది, అది మా మీద మేం చెప్పుకునేది. ఆ 141 ఆ డార్జిలింగ్ అబ్బాయికి వెళ్ళేదేమో కదా? మేం కూడా కేటరింగ్‌లో నిలబడి వడ్డించినవాళ్ళమే. బయటికి వస్తూ అడిగాం, ఆ డబ్బు మీకిస్తారా అని. అతను కౌంటరు వైపు చూసి, "పతా నహీ దీదీ" అన్నాడు. తెలియక అన్నాడో, చెప్పలేక అన్నాడో. 50 చేతిలో పెట్టాం.

బస్టాప్ దాకా ఎవరూ మాట్లాడలేదు. బస్సు కోసం నిలబడ్డప్పుడు చెల్లి అడిగింది. "మీ ముగ్గురూ బాగుందండీ అని ఎందుకన్నారప్పా?"

మర్యాద కోసం అన్నాం. గొడవెందుకని అన్నాం. అందరూ చూస్తారని. ఇలా తలా ఒకటి చెప్పాం. చెల్లి వింది గానీ నమ్మలేదు. అప్పుడు డుంబ్రిగూడ నెమ్మదిగా, "మొన్న జులైలో కూడా అదే అన్నాం" అంది.

జులైలో మా హాస్టల్‌కి తనిఖీకి ఒక ఆఫీసర్ వచ్చారు. మంచావిడే. నేరుగా మెస్‌లోకి వచ్చి మా పక్కనే బల్ల మీద కూర్చుని, "భోజనం ఎలా ఉందమ్మా, భయపడకుండా చెప్పండి" అని అడిగారు. ఆ వారం మంచినీళ్ళ ఫిల్టరు పనిచేయక పది రోజులు. అన్నం ముద్దముద్దగా ఉడుకుతోంది, సాంబారులో ముక్క కోసం గరిటె వేస్తే నీళ్ళే వస్తున్నాయి. చెల్లి అప్పుడే చేరింది, ఆ ముద్దలు మింగలేక అవస్థ పడుతోంది. ఆఫీసర్ అడిగారు. బల్ల మీద ఉన్న పన్నెండు మందీ, ఒక్క గొంతుతో, "బాగుంది మేడం." చెల్లి కూడా అంది. మమ్మల్ని చూసి అంది. ఆవిడ రిజిస్టర్‌లో రాసుకుని వెళ్ళిపోయారు. ఆవిడ తప్పేముంది, మేం చెప్పిందే రాశారు.

ఎందుకన్నామో ఆ బస్టాప్‌లోనే చాలాసేపు తవ్వుకున్నాం. వార్డెన్ మేడం వెనకే నిలబడి ఉన్నారు, అదొకటి. స్కాలర్‌షిప్ కాగితాల మీద ఆవిడ సంతకం కావాలి, అదొకటి. కానీ ఈ హోటల్లో ఏ వార్డెనూ లేడు, ఏ సంతకమూ అక్కర్లేదు, పైగా డబ్బులు మావి. అయినా అదే మాట వచ్చింది. పెదబయలు ఒక మాట చెప్పింది, అది మాకు నిజమనిపించింది. మన ఇళ్ళల్లో పెట్టిన తిండికి వంక పెట్టరు. చుట్టాలింట్లో అంబలి పలచగా ఉన్నా తాగి బాగుందనే లేస్తాం, ఎందుకంటే వాళ్ళకి ఉన్నది అదే, ఉన్నదాంట్లోంచి మనకి పోశారు. అది మంచి అలవాటే, దాన్ని తప్పనడం లేదు. అయితే హాస్టల్ బియ్యం ఎవరో ఉన్నదాంట్లోంచి మనకి పోసింది కాదు. ఈ హోటలు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. అన్ని చోట్లా చుట్టాలింట్లో ఉన్నట్టే ఉంటున్నాం మనం.

కేటరింగ్‌లో చూశాం కూడా. పెళ్ళివారు "ఈ కూరలో ఉప్పెక్కువైందయ్యా" అని గట్టిగా ఒక్క కేక వేస్తే ఐదు నిమిషాల్లో గిన్నె మారుతుంది. మార్చి తెచ్చేది మేమే.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్తాం. మా గదిలో ఒక కాగితం రాశాం, ఫిల్టరు, అన్నం, సాంబారు అని మూడు అంశాలు. మొదట నాలుగు సంతకాలు. వారానికి పదకొండు అయ్యాయి. ఇద్దరు పెట్టి మళ్ళీ కొట్టేసుకున్నారు, వాళ్ళనేమీ అనం. వార్డెన్ మేడంకి ఇచ్చాం. ఆవిడ రెండు రోజులు మాతో మాట్లాడలేదు, మూడో రోజు ఫిల్టరు బాగుచేయడానికి మనిషి వచ్చాడు. అన్నం మాత్రం ఇంకా అలాగే ఉంది. వంట చేసే పిన్ని, "ముందే చెప్తే నాకు మాత్రం కష్టమేటమ్మా. బియ్యం అలాంటివొస్తున్నాయి, ఎసరు తగ్గిద్దామంటే వందమందికి ఒకే గిన్నె" అంది. ఆమెని ఇన్నాళ్ళూ మేమూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

చెల్లి ఆ రాత్రి హోటల్ కథంతా ఫోన్లో వాళ్ళమ్మకి చెప్పింది. మొత్తం ఒడియాలో, నవ్వుతూ, సూపర్‌వైజర్ గొంతు అనుకరిస్తూ. తర్వాత వారం బస్సులో వస్తున్న ఊరివాళ్ళ చేతికిచ్చి, తరిగి ఉంచిన కరడి ఒక స్టీలు క్యానులో పంపింది వాళ్ళమ్మ. పిన్ని ఆదివారం సాయంత్రం ఒక పొయ్యి వదిలింది. డుంబ్రిగూడ వండుతానని ముందుకొచ్చింది, కెమిస్ట్రీ అమ్మాయి కదా అని ఊరుకున్నాం. వడ్డించింది. ఎలా ఉందని అడిగింది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు.

"చేదప్పా" అంది చెల్లి. "నీళ్ళు ఒక్కసారే పారబోశావు కదూ?"

మళ్ళీ పొయ్యి మీద పెట్టి, ఉడికించి, కడిగి, రాత్రి తొమ్మిదింటికి తిన్నాం. పిన్ని కూడా తింది.

చెల్లి బ్యాగు మంచం కింద ఉంది. ఈ రెండు శనివారాలూ సర్దలేదు. దసరాకి ఇంటికి వెళ్తుంది, అప్పుడేమవుతుందో మాకూ తెలియదు. ఈలోపు అది ఒక నోట్‌బుక్ పెట్టుకుంది. అందులో మొదటి పేజీలో కరడి, కంజి, తామా అని మూడు మాటలు రాసి ఉన్నాయి. కోయ, గోండు, సవర, జాతాపు, కొండరెడ్డి అన్నలూ అక్కలూ, మీ ఇళ్ళల్లో వెదురు కొమ్ముని ఏమంటారో, నీళ్ళు ఎన్నిసార్లు పారబోస్తారో కింద రాయండి. చెల్లికి చదివి వినిపిస్తాం. మీ హాస్టల్లో మెస్ గురించి ఎవరైనా ఇలా కాగితం రాసి ఉంటే, అన్నం సంగతి ఎలా తేల్చారో అది కూడా చెప్పండి.